మందు మానేశాను, ఇక ఈ మాట ఎవరితో చెప్పుకోవాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు దాదాపు ఒకే విషయం మీద ఉన్నాయి. తాగుడు మానేసిన, లేదా మానాలనుకుంటున్న ఆడవాళ్ళకు తోడు ఎక్కడ దొరుకుతుందన్నదే వాటి సారాంశం. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈ మూడింటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నా వయసు 38. హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో పనిచేస్తున్నాను. ఆఫీసు పార్టీల్లో వైన్‌తో మొదలైంది, లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో రోజూ వోడ్కా దాకా వెళ్ళింది. స్టీల్ వాటర్ బాటిల్‌లో పోసుకుని ఆఫీసు కాల్స్‌లో కూర్చున్న రోజులున్నాయి. సంక్రాంతి తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్ళి, మందులు వాడి మానేశాను. అప్పటి నుంచి ముట్టలేదు. మా ఆయనకు తెలుసు, అత్తయ్యగారికి మాత్రం కడుపులో అల్సర్ అని చెప్పాం. మా ఆయన వారానికోసారి ఫ్రెండ్స్‌తో తాగుతారు, ఆయనకేం కాలేదు, నాకే ఎందుకిలా అయిందో అర్థం కాదు. సాయంత్రం ఏడయ్యేసరికి ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది. చెప్తే "మానేశావుగా, ఇంకా దాని గురించి ఎందుకు" అంటారు. డాక్టర్‌గారు గ్రూప్‌కి వెళ్ళమంటే ఒక మీటింగ్‌కి వెళ్ళాను. హాలు నిండా మగవాళ్ళే, ఆడదాన్ని నేనొక్కదాన్నే. మర్యాదగానే మాట్లాడారు. కానీ అందులో ఒక పెద్దాయన సాయం చేస్తానని నంబర్ తీసుకుని, రాత్రి పదకొండింటికి 'ఏం చేస్తున్నారు, ఒంటరిగా ఉన్నారా' అని మెసేజ్‌లు పెట్టడం మొదలుపెట్టాడు. మళ్ళీ వెళ్ళలేదు. ఆడవాళ్ళకు మాత్రమే ఉండే గ్రూపులుంటాయా? తెలిసినవాళ్ళు ఎవరైనా కనిపిస్తే నా గతేంటి? అసలు గ్రూప్ నిజంగా అవసరమా?
— పేరు వద్దు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ మెసేజ్‌ల సంగతి తేల్చుకుందాం. ఆ నంబర్‌ని ఈరోజే బ్లాక్ చేయండి, మెసేజ్‌లు మాత్రం చెరిపేయకండి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అందులో మీ తప్పు కొంచెం కూడా లేదు. కొత్తగా మానేసి, బెదిరిపోయి, నమ్మకంగా వచ్చిన ఆడమనిషిని ఇలా పట్టుకోవాలని చూసేవాళ్ళు ఉంటారని ఈ గ్రూపుల్లో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకు బాగా తెలుసు. అందుకే ఆడవాళ్ళకు ఆడవాళ్ళే స్పాన్సర్‌గా ఉండాలని చాలాచోట్ల గట్టిగా చెప్తారు. స్పాన్సర్ అంటే మీకంటే ముందు మానేసి, మీకు దారి చూపించే మనిషి. ఆ మీటింగ్ నడిపే సెక్రటరీకి ఒక్క ఫోన్ చేసి జరిగింది చెప్పగలిగితే చెప్పండి, మీ తర్వాత వచ్చే అమ్మాయికి మేలు జరుగుతుంది. చెప్పలేకపోతే వదిలేయండి, ఆ బరువు కూడా మీరే మోయాలని లేదు. కానీ ఆ ఒక్కడి వల్ల గ్రూప్ అనే దారినే మూసేసుకోకండి, నా బాధ అదే.

అవసరమా అని అడిగారు. మీ ఉత్తరంలో సాయంత్రం ఏడు గంటల మాట ఉంది చూడండి, దానికి మందుబిళ్ళ లేదు. డాక్టర్ ఒంట్లోంచి మందు ప్రభావాన్ని దింపగలరు, క్రేవింగ్, అంటే మళ్ళీ తాగాలన్న తహతహ తగ్గించే మాత్రలు ఇవ్వగలరు, అవి వాడాల్సినంత కాలం వాడాలి కూడా. ఆ ఏడు గంటలకు ఫోన్ తీసి "మళ్ళీ అలాగే ఉంది" అంటే, ఏమిటది అని అడగకుండా అర్థం చేసుకునే మనిషి మాత్రం అదే దారిలో నడిచినవాళ్ళలోనే దొరుకుతుంది. ఇది నా నమ్మకం మాత్రమే కాదు. వైద్య పరిశోధనలను జల్లెడపట్టి చూసే కాక్రేన్ సంస్థ 2020లో ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే మీరు వినే ఉంటారు, ఏఏ, తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుగా కలిసే సంఘం, దాని మీద జరిగిన 27 అధ్యయనాలను, పదివేల మందికి పైగా మనుషుల వివరాలను కలిపి చూసింది. మనిషిని పద్ధతి ప్రకారం ఏఏ వైపు నడిపించే చికిత్స, పూర్తిగా మానేసి ఉండే విషయంలో మిగతా చికిత్సల కంటే మెరుగ్గా పనిచేస్తోందని తేలింది. అందరికీ పనిచేస్తుందని కాదు. కానీ కబుర్లతో ఏమవుతుంది అని కొట్టిపారేయడానికి లేదు.

నాకే ఎందుకిలా అన్నారు, దానికీ కారణం ఉంది. ఒకే బరువున్న ఆడమనిషి, మగమనిషి ఒకే పెగ్గు తాగినా ఆడవాళ్ళ రక్తంలో ఆల్కహాల్ ఎక్కువ చేరుతుంది, ఎందుకంటే మన ఒంట్లో నీటి శాతం తక్కువ, కడుపులో ఆల్కహాల్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ కూడా తక్కువ. మొదటి గ్లాసు నుంచి వదల్లేని స్థితికి, లివర్ దెబ్బతినడానికి పట్టే కాలం కూడా ఆడవాళ్ళలో తక్కువని డాక్టర్లు ఎప్పటి నుంచో చెప్తున్నారు. మీ ఆయనతో పోల్చుకుని మీరు బలహీనురాలినని అనుకోవద్దు. ఆయన వారానికోసారి తాగేది కూడా దయచేసి ఇంటి బయటే పెట్టుకోమనండి, ఇంట్లో ఫ్రిజ్‌లో సీసా ఉండకూడదు, ఈ ఒక్కటీ అడిగే హక్కు మీకుంది.

ఇక ఆడవాళ్ళ గ్రూపుల గురించి. హాల్లో మీరొక్కరే ఉండటం ఈనాటి సమస్య కాదు. ఏఏ 1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్ళో ఇద్దరు మగవాళ్ళతో మొదలైంది, మొదట్లో తాగుబోతు అంటేనే మగవాడు అనుకునేవారు, వచ్చిన ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. వాళ్ళలో మార్టీ మాన్ అనే ఆవిడ మానేసి నిలబడింది, 1944లో తాగుడు ఒక జబ్బు, దానికి వైద్యం ఉంది అని దేశమంతా తిరిగి చెప్పే సంస్థను స్థాపించింది. మరో ముప్పై ఏళ్ళకు జీన్ కిర్క్‌పాట్రిక్ అనే ఇంకో ఆవిడ, తను కూడా ఏళ్ళ తరబడి తాగి, మాని, మళ్ళీ తాగి, చివరికి మానిన మనిషి, పెన్సిల్వేనియాలో విమెన్ ఫర్ సోబ్రయిటీ అని ఆడవాళ్ళకు మాత్రమే ఒక గ్రూప్ పెట్టింది. ఆవిడ చెప్పింది నాకు చాలా నిజమనిపిస్తుంది. తాగే మగవాడికి ముందు నీ అహం తగ్గించుకో, నీ చేతిలో ఏమీ లేదని ఒప్పుకో అని చెప్పడం పనిచేయవచ్చు. తాగే ఆడదానికి అహం ఎక్కడ మిగిలింది? అప్పటికే ఆమె తనను తాను తిట్టుకుని తిట్టుకుని నేలకు అతుక్కుపోయి ఉంటుంది. ఆమెకు కావలసింది తన మీద తనకు మళ్ళీ గౌరవం కలగడం. వాళ్ళ పద్ధతిలో 13 సూత్రాలుంటాయి, పాత తప్పులు తవ్వుకోవడం కంటే ఇవాళ నేను ఏం చేయగలను అన్నదాని మీదే నడుస్తాయి. వాళ్ళకు ఆన్‌లైన్ మీటింగులున్నాయి, ఇంగ్లీషులో జరుగుతాయి, మీకు ఇబ్బంది ఉండదనుకుంటాను. అమెరికా సాయంత్రం మనకు పొద్దున అవుతుంది కాబట్టి, ఆఫీసు పని మొదలుకాకముందే లాగిన్ అవ్వచ్చు.

ఏఏ లోపల కూడా ఇప్పుడు ఆడవాళ్ళ మీటింగులు వేరుగా జరుగుతాయి. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊళ్ళవారీగా, ఆన్‌లైన్ మీటింగులు వేరుగా వివరాలు ఉంటాయి. అక్కడున్న నంబర్‌కి ఫోన్ చేసి "లేడీ మెంబర్‌తో మాట్లాడాలి, ఆవిడ చేత నాకు ఫోన్ చేయించండి" అని అడగండి, ఇది మామూలుగా అందరూ అడిగేదే, మొహమాటపడక్కర్లేదు. ఆవిడతో ముందు ఫోన్లో మాట్లాడి, మొదటిసారి ఆవిడతో కలిసే వెళ్ళండి. ఇంకో సంగతి, మీటింగుల్లో రెండు రకాలుంటాయి. ఓపెన్ మీటింగ్‌కి బంధువులు, విద్యార్థులు, ఎవరైనా రావచ్చు. క్లోజ్డ్ మీటింగ్‌కి తాగుడు మానాలనుకునేవాళ్ళే రావాలి. మీలాగా బయటపడుతుందేమో అన్న భయం ఉన్నవాళ్ళకు క్లోజ్డ్ మీటింగే మంచిది. ఏఏలో దేవుడి మాటలు ఎక్కువగా ఉన్నాయనిపిస్తే స్మార్ట్ రికవరీ అని 1994లో మొదలైన మరో పద్ధతి ఉంది, ఆలోచనలను, అలవాట్లను ఎలా మార్చుకోవాలన్నదాని మీద నడుస్తుంది, దేవుడి ప్రసక్తి ఉండదు. అయితే ఏఏలో వాళ్ళు చెప్పే 'మనకంటే పెద్ద శక్తి' వెంకటేశ్వరస్వామి కావచ్చు, అల్లా కావచ్చు, ఏసు కావచ్చు, ఆ గదిలో కూర్చున్న మనుషులే కావచ్చు, అది మీ ఇష్టానికే వదిలేస్తారు.

తెలుగులోనే మాట్లాడుకునే ఆడవాళ్ళ గ్రూపు వెంటనే దొరక్కపోవచ్చు. దానికి నేను చెప్పేదొకటే, భాష కోసం ఆగిపోకండి, ముందు ఇంగ్లీషులో అయినా సరే మొదలుపెట్టండి. అక్కడ పరిచయమైనవాళ్ళలో తెలుగమ్మాయి ఒక్కరు దొరికినా, వారానికో రోజు మీరిద్దరూ ఒక గంట మాట్లాడుకోండి. ఇద్దరు కలిస్తే గ్రూప్ అయినట్టే, ఏఏ మొదలైంది కూడా ఇద్దరితోనే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో లెక్క తీసినప్పుడు తెలంగాణలో 15 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో 6.7 శాతం మంది తాగుతామని చెప్పారు. దేశం మొత్తం మీద అప్పుడు ఈ సంఖ్య 1.3 శాతమే. అందరికీ ఇది జబ్బు అయిందని కాదు. కానీ మీ ఊళ్ళో మీలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళూ మీలాగే ఇంట్లో అల్సర్ అని చెప్పుకుంటున్నారు.

గ్రూప్ మంచిదా కాదా అన్నది ఒక్క మీటింగ్‌తో తేల్చకండి, మూడు నాలుగు చోట్ల కూర్చుని చూడండి. నేనైతే ఒకటే చూడమంటాను: అక్కడ మీరు నిజం చెప్పగలుగుతున్నారా, చెప్పాక మీకు తేలికగా ఉందా, ఇంకా సిగ్గుగా ఉందా? మానేసి పదేళ్ళయిన ఆవిడ, నిన్న మళ్ళీ తాగి వచ్చిన అమ్మాయి పక్కపక్కన కూర్చుని, ఆ అమ్మాయిని ఎవరూ తిట్టకుండా "వచ్చావు, అదే చాలు" అంటున్నారంటే ఆ చోటు మంచిదని నమ్మచ్చు. పిల్లల మీద కేకలేసిన రోజులు, అత్తగారితో మాటలు, మొగుడి చేతిలో దెబ్బలు, మెనోపాజ్‌లో నిద్రపట్టకపోవడం, ఇవన్నీ మగవాళ్ళ మధ్య చెప్పలేం. ఆడవాళ్ళ గ్రూపులో ఇవే ముందు బయటికొస్తాయి, చాలాసార్లు తాగుడు వీటి వెనకాలే ఉంటుంది. ఎవరైనా ఫీజు అడిగితే, ఫోటోలు తీస్తే, డాక్టర్ ఇచ్చిన మాత్రలు మానేయమంటే, ఏదో పౌడర్ అమ్మితే, ఒకరి సంగతి ఇంకొకరి దగ్గర చెప్తే మాత్రం లేచి వచ్చేయండి. ఏఏకి ఫీజు లేదు, చివర్లో చందా తిప్పుతారు, ఇవ్వగలిగితే ఇస్తారు, లేకపోతే లేదు. మందుల విషయంలో సలహా ఇచ్చే అధికారం మీ డాక్టర్‌కి తప్ప ఎవరికీ లేదు.

తెలిసినవాళ్ళు కనిపిస్తే? కనిపించవచ్చు. అక్కడికి వచ్చారంటే వాళ్ళదీ మీ కథే కదా, మీ రహస్యం వాళ్ళ దగ్గర ఉంటే వాళ్ళ రహస్యం మీ దగ్గర ఉంటుంది. ఆన్‌లైన్‌లో అయితే వేరే పేరు పెట్టుకోండి, మొదట్లో కెమెరా ఆపేసుకోండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కాలనీలో వాకింగ్ చేస్తూ వినండి, ఇల్లు నిండా జనం ఉన్నవాళ్ళకు ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. డాక్టర్లు, ఆసుపత్రులు మీ వివరాలు బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెప్తోంది, తాగుడు సమస్య కూడా ఆ చట్టం కిందికే వస్తుంది. గ్రూపులో మాత్రం చట్టం లేదు, నమ్మకమే, కాబట్టి మొదటి రోజే కంపెనీ పేరు, అపార్ట్‌మెంట్ పేరు చెప్పక్కర్లేదు.

అత్తయ్యగారికి చెప్పాలా వద్దా అని మీరు అడగలేదు, కానీ ఆవిడకు అల్సర్ అని చెప్పామని రాశారు. ఇప్పుడే చెప్పక్కర్లేదు. డాక్టర్ దగ్గర గ్రూప్ కౌన్సెలింగ్ ఉంది అంటే సరిపోతుంది, అందులో అబద్ధమూ లేదు. మీరు గట్టిపడ్డాక, మీకు చెప్పాలనిపించిన రోజున చెప్పండి. రాత్రిపూట మరీ తట్టుకోలేకపోతే 14416కి ఫోన్ చేయండి, అది మనసు బాగోలేనివాళ్ళతో ఫోన్లో మాట్లాడటానికి కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ-మానస్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది నిజామాబాద్ దగ్గర పల్లె. నేను డిగ్రీ చదువుతున్నాను. మా నాన్న గల్ఫ్‌లో ఉంటాడు, అమ్మ బీడీలు చేస్తుంది. మా ఊళ్ళో ఆడవాళ్ళు కల్లు తాగడం కొత్త కాదు, పండగకు పబ్బానికి అందరూ తాగుతారు. కానీ అమ్మకు ఇప్పుడు పొద్దున లేవగానే కావాలి. పోయిన నెల నేనే బలవంతంగా ఆపించాను. రెండో రోజుకు చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, నిద్ర లేదు. గోడ దగ్గర ఎవరో ఉన్నారని వాళ్ళతో మాట్లాడింది. భయమేసి మళ్ళీ నేనే తెచ్చి పోశాను. అమ్మకు కూడా మానాలని ఉంది. ఏ గ్రూపులో చేర్పించాలి?
— ఒక కూతురు

జవాబు: తల్లీ, తెచ్చి పోశానని నువ్వు కుమిలిపోకు. భయపడాల్సిన పరిస్థితికే భయపడ్డావు. కానీ ఇది జాగ్రత్తగా విను, గ్రూప్ సంగతి తర్వాత. మీ అమ్మ ముందు ఆసుపత్రికి వెళ్ళాలి, ఇంట్లో ఆపించే ప్రయత్నం ఇక చేయకండి.

రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే కొన్ని గంటల్లోనే వణుకు, చెమట మొదలవుతాయి, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల లేని మనుషులు కనిపించడం, ఎక్కడ ఉన్నామో తెలియకపోవడం జరగవచ్చు. మీ అమ్మకు వచ్చింది ఇదే. వైద్యం లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. దానికి తోడు మన దగ్గర కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతున్నట్టు ఎక్సైజ్ దాడుల్లో ఎన్నోసార్లు బయటపడింది. అంటే మీ అమ్మ ఒంటికి కల్లు ఒక్కటే కాదు, ఆ మత్తు బిళ్ళలు కూడా అలవాటై ఉండవచ్చు, వాటిని ఒక్కసారిగా ఆపినా ఫిట్స్ వస్తాయి. డాక్టర్‌కి ఎక్కడి కల్లు, రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్ళుగా అన్నది దాచకుండా చెప్పు. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉంటారు, అక్కడ కుదరకపోతే హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆసుపత్రికి వెళ్ళండి. మానసిక వైద్యం అంటే పిచ్చి అని ఊళ్ళో అంటారు, అననివ్వు. మొదటి కొన్ని రోజులు మందులిచ్చి మెల్లగా దింపుతారు, బి1 విటమిన్ ఇస్తారు, అది చాలా ముఖ్యం, లేకపోతే మెదడు దెబ్బతింటుంది. మళ్ళీ ఎప్పుడైనా వణుకు, ఫిట్స్, మాట తేడా కనిపిస్తే ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్యి. ఏ ఆసుపత్రికి వెళ్ళాలో అర్థం కాకపోతే 14446, ఇది మత్తు మాన్పించడానికి ప్రభుత్వం పెట్టిన జాతీయ హెల్ప్‌లైన్.

అమ్మ తనంతట తానే మానాలనుకుంటోంది అన్నావు, అదే పెద్ద బలం. చేర్చుకోమని ఆమే స్వయంగా అడగవచ్చు, చట్టం ఆ హక్కు ఇచ్చింది. ఎవరో ప్రైవేట్ సెంటర్ వాళ్ళు వ్యాన్ పంపి ఎత్తుకెళ్తాం, మూడు నెలలు ఉంచుతాం అంటే ఒప్పుకోకు. ఆడవాళ్ళకు వేరే వార్డు, ఆడ సిబ్బంది లేనిచోట అమ్మను ఒక్క రాత్రి కూడా వదలకు.

ఇక ఆసుపత్రి నుంచి వచ్చాక తోడు సంగతి. మీ అమ్మ సిటీ మీటింగ్‌లో, జూమ్‌లో కూర్చోలేదని నాకు తెలుసు. ఆమెకు గ్రూప్ మీ ఊళ్ళోనే తయారు కావాలి. బీడీలు చేసేటప్పుడు నలుగురు ఆడవాళ్ళు ఒకచోట కూర్చుంటారు కదా, అందులో మానాలని ఉన్నవాళ్ళు ఇంకొకరో ఇద్దరో కచ్చితంగా ఉంటారు, అమ్మ ఆసుపత్రి నుంచి వచ్చాక ధైర్యంగా చెప్తే వాళ్ళే బయటికొస్తారు. వాళ్ళతో పాటు ఆశా కార్యకర్తను కూడా కలుపుకోండి. కల్లు దుకాణానికి వెళ్ళే వేళ ఏదైతే ఉందో ఆ వేళకే కలవాలి, అప్పుడే చాయ్ పెట్టుకోవాలి, అప్పుడే మాట్లాడుకోవాలి, వేరే టైమ్‌లో కలిస్తే లాభం లేదు. వాళ్ళు కూడా మీ అమ్మలాగే ఒక్కసారిగా ఆపకూడదన్న మాట మాత్రం అందరికీ చెప్పండి.

ఒక విషయం నన్ను ఎప్పుడూ వెంటాడుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, మిగతా ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు, ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో మొత్తం మద్యనిషేధం దాకా వెళ్ళింది, తర్వాత 1997లో దాన్ని ఎత్తేశారు. తాగే మగవాళ్ళ మీద పోరాడటానికి ఆడవాళ్ళు అంత గొప్పగా కలిశారు. తాగుడులో చిక్కుకున్న ఆడమనిషి కోసం మాత్రం మన సంఘాల్లో ఇంకా చోటు లేదు, ఆమె పేరు వస్తే గుసగుసలే వినిపిస్తాయి. పొదుపు సంఘాలు ఊరూరా ఉన్నాయి, నెలనెలా కలుస్తాయి, రిజిస్టర్ ఉంటుంది, లీడర్ ఉంటుంది, ఈ పనికి అంతకంటే ఏం కావాలి? మీ గ్రామ సంఘం లీడర్‌ని నువ్వే వెళ్ళి అడుగు. అప్పులు, కిస్తుల గురించి మాట్లాడే చోట దీని గురించి కూడా మాట్లాడవచ్చు, ఎందుకంటే కిస్తు డబ్బులు ఎక్కడికి పోతున్నాయో ఆవిడకూ తెలుసు.

నీ చదువు మానకు. అమ్మ మానినా మానకపోయినా పరీక్షలు రాయి. తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం అల్-అనాన్ అని వేరే గ్రూపులున్నాయి, 1951 నుంచి నడుస్తున్నాయి, అందులో నీలాంటి పిల్లలు కూడా ఉంటారు, ఆన్‌లైన్‌లో వెతికి చూడు.

ప్రశ్న: మేడమ్, నా భార్య తాగుడు మానేసి ఏడాది కావస్తోంది. ఆదివారం పొద్దున ఆడవాళ్ళ ఆన్‌లైన్ గ్రూప్‌లో గంటసేపు తలుపేసుకుని మాట్లాడుతుంది. ఏం మాట్లాడారంటే చెప్పదు. మన ఇంటి విషయాలు ముక్కూమొహం తెలియనివాళ్ళకు చెప్తోందని నాకు బాధగా ఉంది. నేను కూడా కూర్చుంటానంటే ఒప్పుకోలేదు. మళ్ళీ తాగుతుందేమోనని టెన్షన్‌తో, ఒక ఫ్రెండ్ చెప్తే తాగుడు మాన్పించే మాత్రలు తెచ్చాను, మజ్జిగలో కలిపి ఇవ్వమన్నాడు. ఇవ్వొచ్చా?
— విజయవాడ నుంచి ఒక భర్త

జవాబు: ఇవ్వొద్దు. ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వొద్దు. మీరు తెచ్చినవి బహుశా డైసల్ఫిరామ్ మాత్రలు అయి ఉంటాయి. అవి వేసుకున్న మనిషి మందు తాగితే మొహం ఎర్రబడి, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం దాకా వెళ్తుంది, గుండె జబ్బు ఉంటే ప్రాణం పోవచ్చు. కొన్ని దగ్గు మందుల్లోని ఆల్కహాల్ కూడా చాలు. తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ చూస్తుండగా వాడాల్సిన మందు అది. పైగా ఏడాదిగా మానేసి ఉన్న మనిషికి దొంగచాటుగా మాత్ర కలిపారని రేపు తెలిస్తే, ఆమె మీ చేతి మజ్జిగ ఇంకెప్పుడైనా తాగుతుందా?

మీ బాధ నాకు అర్థమైంది. ఏడాది క్రితం దాకా దాచడమే చూశారు, ఇప్పుడు మూసిన తలుపు చూస్తే మళ్ళీ ఏదో దాస్తోందనిపిస్తుంది. కానీ ఆ గంట అలాంటిది కాదండీ. అక్కడ ఆమె మాట్లాడేది ఎక్కువగా మీ గురించి కాదు, తన గురించి. అక్కడ విన్నది బయట చెప్పకూడదన్నది వాళ్ళ మొదటి నియమం, మీకు చెప్పలేదంటే తోటివాళ్ళ మాట నిలబెడుతోందని అర్థం. మీరు పక్కన కూర్చుంటే మిగతా ఆడవాళ్ళు నోరు విప్పరు, ఆమెకు ఆ గ్రూపే లేకుండా పోతుంది. ఆ గంటసేపు పిల్లలుంటే వాళ్ళను మీరు చూసుకోండి, ఇంటికి చుట్టాలొస్తే ఆమె పనిలో ఉందని మీరే చెప్పండి.

మీ టెన్షన్ మీది, దానికి కూడా చోటు కావాలి. పై ఉత్తరానికి రాసిన జవాబులో చెప్పిన అల్-అనాన్ మీకూ పనికొస్తుంది, మానేసినవాళ్ళ భర్తలు కూడా అందులో ఉంటారు. మళ్ళీ తాగితే ఏం చేయాలి అన్నది మీరు మనసులో ఒక్కరే నలగ్గొట్టుకోకుండా, ఆమె నిమ్మళంగా ఉన్న ఒక రోజు ఆమెనే అడగండి: "అలాంటి రోజు వస్తే నేనేం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి?" అని. చాలామంది దగ్గర దానికి జవాబు సిద్ధంగా ఉంటుంది, గ్రూపులో అది ముందే మాట్లాడుకుంటారు, స్పాన్సర్ నంబర్ మీకు ఇస్తుంది. ఆ మాత్రలు ఇంకా ఇంట్లో ఉంటే, తెచ్చానని ఆమెకు చెప్పి, ఇద్దరూ కలిసి ఆమె డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి అప్పజెప్పండి.